చెక్‌పోస్టు దగ్గర మామ

మా మామ కూర్చుని మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. కండువాను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, అటూ ఇటూ తిరుగుతూనే వాదించేవాడు.

ఆ ఏడు మామిడికి ధర పడిపోయింది. పక్క రాష్ట్రం కాయలు రాకుండా చిత్తూరు సరిహద్దులో లారీలను ఆపేశారు. సొంత మామిడితోట ఉన్న మామే చెక్‌పోస్టుకు వెళ్లి అధికారిని నిలదీశాడు.

“అమ్మేవాడు, కొనేవాడు ఒప్పుకున్నారు. మధ్యలో మీరెందుకప్పా?”

“మీ రైతుల మేలుకేనయ్యా!”

“నా మేలుకని ఇంకో రైతు కాయలు కుళ్లబెట్టమని నేనడిగినానా?”

అధికారి వినలేదు; కాయల లారీ వెనక్కి తిరిగింది. అది చూసి చప్పట్లు కొట్టిన రైతుల్లో నేనూ ఉన్నాను. తర్వాత ధర కాస్త లేచింది. మామ కాయలూ అమ్ముడుపోయాయి.

“నీకూ లాభమే వచ్చింది గదా మామా?” అన్నాను.

“లాభమొచ్చిందని తప్పు ఒప్పయిపోతాదా అల్లుడా?”

నేను మాట మార్చి వానల గురించి అడిగాను.