అరికాలి చుక్క

హాలియా బస్టాండు దారిలో పదిహేనేళ్లుగా సెల్‌ఫోన్లు బాగుచేసే రాంచందర్‌కు ఈ మధ్య కుడిచెయ్యి వణుకుతోంది. ఎక్కువేం కాదు. టీ గ్లాసు పట్టుకుంటే తెలియదు, వెంట్రుకంత తీగకు టంకం పెట్టేటప్పుడే తెలుస్తుంది. అతని బతుకంతా ఆ వెంట్రుకంత తీగలోనే ఉంది మరి.

ముందుగా పసిగట్టింది బీరన్న. బాగుకిచ్చిన ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుని, "నీ చెయ్యి జర వణుకుతాందన్నా. ఇంకెవలికన్న ఇస్త" అని నవ్వుకుంటూ పోయాడు. అసలే భయపడుతున్నవాడికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

రాంచందర్ దగ్గర సరదాకు కొనుక్కున్న అరచేతంత డ్రోను ఒకటి ఉంది. ఆ వారమే అది వేపకొమ్మకు తగిలి పడింది. రెక్క విరిగింది, మోటారు తీగ తెగింది. అతను దాన్నే పరీక్షగా పెట్టుకున్నాడు. బాగుచేశాక నిలకడగా ఎగిరితే చేతిలో పనితనం ఉన్నట్టు, లేదంటే లేనట్టు. పైగా, ఎగరకుంటే సోమవారం దుకాణం ఖాళీ చేస్తానని యజమాని పెద్దులుకు మాట కూడా ఇచ్చి వచ్చాడు. తొందరపాటు మనిషి, ఏం చేస్తాం!

తీగ అతికి, రెక్క మార్చి వాకిట్లో ఎగరేశాడు. మనిషెత్తు లేచింది. అక్కడ నిలబడాల్సింది పోయి తాగినవాడిలా పక్కకు జారి గోడకు కొట్టుకుంది. మోటారే మార్చాడు. మళ్లీ గోడే. నాలుగు రెక్కలూ కొత్తవి వేశాడు. ఈసారి నీళ్ల డ్రమ్ము.

"నా అతుకే నిలుస్తలేదమ్మా. చెయ్యి పోయింది" అన్నాడు తల్లి సత్తమ్మతో.

"చెయ్యికేమైంది బిడ్డా? దిష్టి తాకింది గంతే. ఫికర్ జెయ్యకు."

"నీ దిష్టి పాడుగాను!" అని అరిచాడు. బీరన్న మీది కోపం ఆమె మీద పడింది.

ఆదివారం పొద్దున ఇంటికి తెచ్చిన దుకాణం సామాను సర్దుకుంటూ డ్రోనును కూడా అట్టపెట్టెలో వేయబోయి ఒకసారి తుడిచాడు. తెల్లగుడ్డ నల్లబడింది. డ్రోను కడుపు కింద నేలను చూస్తూ దాన్ని కదలకుండా నిలబెట్టే నల్లటి కెమెరా కన్ను ఉంటుంది. మరక అక్కడిదే. వాసన చూస్తే ఆముదం. కాటుక!

"అమ్మా, దీనికి కాటుక పెట్టినవా?"

"మొదలు పడ్డకాడి సంది పెడుతున్న. పడ్డప్పుడల్లా మళ్ల పెట్టిన. ఎవ్వలకు కనబడొద్దని అరికాలికే పెట్టిన. చిన్నప్పుడు నీకు గట్లనే పెడుతుంటి."

నల్లటి కంటి మీద నల్లటి చుక్క, పదిహేనేళ్ల పనివాడికే కనబడలేదు. కళ్లకు గంతలు కట్టినదానికి మోటార్లు మార్చాడు. తన చేతిని తిట్టుకున్నాడు, కన్నతల్లిని తిట్టాడు. అతనికి తల కొట్టేసినట్టయింది.

శుభ్రంగా తుడిచి ఎగరేశాడు. మనిషెత్తు లేచి నిలబడింది. గాలికి ఊగి, మళ్లీ తన చోటికే వచ్చింది. అతుకు గట్టిగానే ఉంది. రిమోటు పట్టుకున్న చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. దానికి కాటుక కారణం కాదని అతనికి తెలుసు.

సత్తమ్మ తప్పు చేసినదానిలా కాటుక భరిణెను కొంగుచాటుకు తీసుకుంది. "మరి రేపు పెద్దులుకు ఏం చెప్తవు?"

"ఖాళీ చేస్తలేనని చెప్త."

డ్రోనును దించి గడప మీద కూర్చుని కుడికాలు చాపాడు. "దానికొద్దమ్మా. పెట్టేదుంటే నాకు పెట్టు."

ఆమె భరిణె తెరిచింది. డెబ్బై ఏళ్ల వేలు గడగడా వణికింది. అయినా చుక్క సరిగ్గా అరికాలి నడుమనే పడింది.