చిన్నమ్మ చెప్పిన ఫలితం

మా చిన్నమ్మ రంగమ్మాళ్, చిన్నాయన అళగర్సామి కోవిల్‌పట్టిలో ఒకే తీపెట్టి ఆఫీసులో పనిచేసేవారు. అగ్గిపెట్టెల కంపెనీని మా వైపు అలాగే అంటారు. ఆమె పుల్లలను చట్రాల్లో పేర్చేది. మందు అద్దిన చట్రాలను ఆరబెట్టే చోట ఆయన మేస్త్రీ. తడిని చూస్తే పామును చూసినట్టు బెదిరేవాడు. మబ్బు పడితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఇంట్లో చెంబు కింద తడి మరక కనిపించినా తుండుతో తుడిచేవాడు.

"ఒకనాడు నన్ను కూడా ఎండలో ఆరేస్తాడు పాపా ఈ మనిసి," అని చిన్నమ్మ నవ్వేది.

2008లో ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. ముందు మందు ఎక్కించి గడ్డను కరిగించాలని, ఆ తర్వాతే కోయాలని విరుదునగర్‌ డాక్టరమ్మ చెప్పింది. ఆ మందు అందరికీ పనిచేయదట. మదురైలో ఒక పరిశోధనశాలవాళ్లు గడ్డ ముక్కలో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో, ఏవి అణగి ఉన్నాయో చూసి, అది మందుకు లొంగుతుందో లేదో ముందే అంచనా కడుతున్నారట. లొంగదనిపిస్తే వేరే మందుతో మొదలుపెట్టవచ్చు. చిన్నమ్మ సరేనంది. సూదితో ముక్క తీసి, సీసాలో వేసి, ఐసు నింపిన డబ్బాలో పెట్టి, మదురైలో ఇచ్చి రమ్మని చిన్నాయన చేతికిచ్చారు.

బస్సులో డబ్బా కారి ఆయన ఒడి తడిసింది. తిరుమంగలంలో దిగి ఐసంతా పారబోశాడు. డబ్బా తుడిచి, సీసాను పొడి తుండులో చుట్టి, కిటికీ పక్కన ఎండ తగిలేలా పట్టుకుని వెళ్లి అప్పగించాడు.

"ఐసంతా పారబోసి, ఒక్క సొట్టు కూడా తడి లేకుండా సేర్చినాను," అన్నాడు ఇంటికొచ్చి.

కొన్నాళ్లకు డాక్టరమ్మ చిన్నమ్మనూ నన్నూ లోపలికి పిలిచింది. వేడికి ముక్క పాడైందని, అందులో చూడటానికేమీ మిగల్లేదని చెప్పింది. ఇంకో ముక్క తీసి పంపుదామంది. చిన్నాయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"వద్దు," అంది చిన్నమ్మ నాతో. "మళ్లీ ఆయనే కదా మోసేది. ఐసు పారబోయద్దని సెప్తే తెలిసిపోతాది. సెప్పకుంటే మళ్లీ పారబోస్తాడు."

"నేను తీసుకుపోతాను సిన్నమ్మా."

"నీ సేతికెందుకిస్తిమని అడగడా? తెలిస్తే ఆ మనిసి కూడు తినడు పాపా. నేను సస్తే, తానే సంపినానని మూల కూసుంటాడు."

ముందు చెప్పిన మందే మొదలుపెట్టమని డాక్టరమ్మతో తమిళంలో చెప్పి, కొంగు సర్దుకుని బయటికొచ్చింది.

"ఏమన్నారే?" అన్నాడు చిన్నాయన.

"మందు పనిసేస్తాదంట. టెస్టులో తేలిందంట."

"సూసినావా? పదిలంగా తీసకపోతే అంతా తేలతాది!"

చిన్నమ్మ జుట్టు రాలింది. నోరంతా పూసి గంజి కూడా మింగలేకపోయింది. గడ్డ మాత్రం కరగలేదు. చంకలోకి, ఆపైన ఎముకల్లోకి పాకింది. మందు మార్చేసరికి ఆలస్యమైంది. మొదటే మార్చి ఉంటే బతికేదా అని డాక్టరమ్మను అడిగాను. చెప్పలేనంది. మరుసటి ఏడు చిత్తిరై నెలలో చిన్నమ్మ పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరితో చిన్నాయనది ఒకటే మాట. "ఆ టెస్టు అబద్దం. పనిసేస్తాదని సెప్పి నా పెండ్లాన్ని సంపినారు."

ఆ కోపంతోనే ఆయన వేళకు అన్నం తిన్నాడు, పనికి పోయాడు. చిన్నమ్మ కోరుకున్నది అదే.

తర్వాత ఆయన అక్క పెరియనాయగికి కూడా గడ్డ వచ్చింది. ఆమెకూ అదే పరీక్ష చేద్దామన్నారు. చిన్నాయన ఆమె ఊరు కళుగుమలై దాకా వెళ్లి వద్దని చెప్పి వచ్చాడు. ఆమె తమ్ముడి మాట విన్నది.