మావయ్య కడిగిన మట్టి

షుగర్ వల్ల చూపు పోయాక మా అక్కను నాగాయలంక తీసుకొచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. వచ్చిన కొత్తలో ఒక్కటే అడిగింది. వరండా నుంచి వీధి గేటు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తాను నడవాలట. దారి పక్కన అప్పుడు ఇనుప ముళ్లతీగ కట్టి ఉండేది. ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు దాన్నే తడుముకుంటూ వెళ్లబోయి అరచెయ్యి చీరుకుంది. ఆ రక్తం చూసి నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. తీగ పీకించేసి, గేటు దాకా మందార కంచె వేయిస్తానని మాటిచ్చాను. మెత్తటి ఆకుల మీద చెయ్యి ఆనించుకుని నడిచి వెళ్లిపోవచ్చు.

మొక్కలు నాటే కందకం తవ్వడానికి మావయ్య వచ్చారు. చుట్టం కాదు, మా వీధి చివర ఉంటారు. ఊరందరికీ మావయ్యే. సముద్రం వైపు చౌడు నేల కౌలుకు తీసుకుని, అందులో వరి పండించిన మనిషి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పక్క రోడ్డులో ఒకాయన రొయ్యల చెరువు ఎండగట్టి అడుగు మట్టి తీయిస్తున్నాడు. నల్లగా, జిగురుగా ఉన్న ఆ మట్టిని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మా నందివాడలో చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే ఊరి చెరువు మట్టి బండ్ల కొద్దీ పొలాలకు తోలేవాళ్లు. చెరువు మట్టి పడిన చేను ఎలా పచ్చబడేదో కళ్లారా చూసినదాన్ని. వెంటనే ఒక ట్రాక్టరు తోలించాను. మావయ్య చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేశారు.

"ఇది రొయ్యల చెరువు మట్టండీ టీచరమ్మ గారూ. ఉప్పు. మొక్క బతకదండీ" అన్నారు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. మట్టి రకాల పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ గర్వంతో, నాకు తెలుసులెండి, నింపేయండి అన్నాను. ఆయన నింపేశారు. వానలకు నాటిన మందారాలు దసరా నాటికి కొసలు మాడి, పుల్లలై నిలబడ్డాయి. అక్క రోజూ ఆ పుల్లలను తడిమేది. నాకంటే ముందే తెలిసిపోయి ఉంటుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వేసవిలో సిగ్గు చంపుకుని మావయ్య ఇంటికి వెళ్లాను. ముందే చెప్పానుగా అని ఆయన అనలేదు. నేనైతే కచ్చితంగా అనేదాన్ని, పదిమంది ముందు అనేదాన్ని. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ నల్లమట్టంతా ఎత్తి పోశారు. దాని ఉప్పు అప్పటికే కింది మట్టిలోకీ దిగిందట. కందకం రెండు వైపులా గట్టు వేసి, ఉప్పు విడవడానికి జిప్సం చల్లి, కాలవకు నీళ్లు వదిలిన వారంలోనే మోటారు పెట్టి నింపారు. మూడు రోజులు నిలవబెట్టి, ఒక చివర గండి కొట్టి మురుగుకాలవలోకి వదిలారు. మళ్లీ నింపారు, మళ్లీ వదిలారు. చౌడు పొలాన్ని ఎలా కడిగేవారో ఈ రెండడుగుల వెడల్పు కందకాన్నీ అంత శ్రద్ధగానే కడిగారు. వదిలిన ప్రతిసారీ ఆ నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకునేవారు. నాలుగోసారి అక్కను పిలిచి, ఆమె వేలు నీళ్లలో ముంచి, మీరు చెప్పండమ్మా అన్నారు.

అక్క రుచి చూసి, చప్పగా ఉన్నాయి అంది. చూపు పోయిన తర్వాత ఎవరైనా ఆమెను ఒక సంగతి తేల్చి చెప్పమని అడగడం అదే మొదలు. నాకే తట్టలేదు ఇన్నాళ్లూ.

ఇక నాటేద్దామన్నాను. ఆయన నవ్వి జీలుగ విత్తనాలు చల్లారు. జీలుగ నడుమెత్తు పెరిగాక, పూత రాకముందే కోసి కందకంలోనే పడేసి, నీళ్లు పెట్టి బురదలోకి తొక్కాలట. అది కుళ్లితేనే నేలకు సత్తువ. ఇంకో నెల ఆగాలా అని నేను సణుగుతూనే ఉన్నాను. తొక్కే రోజున ఆయన నన్ను కాదు, అక్కను అడిగారు.

"మీరు తొక్కుతారా అమ్మా?"

పడిపోతుందని నేను అడ్డం వెళ్లాను.

"పడితే బురదే కదండీ. దెబ్బేం తగలదు."

అక్క చీర ఎగదోపుకుని వరండా పక్కనే కందకంలోకి దిగింది. మోకాలి దాకా బురద. అటు గట్టు, ఇటు గట్టు. ఎటు తూలినా కాలికి గట్టు తగిలి సర్దుకుంటోంది. జీలుగ కాడలు పాదాల కింద విరుగుతున్న చప్పుడు వినపడుతోంది. మావయ్య వెంట వెళ్లలేదు, నన్నూ వెళ్లనివ్వలేదు. ఒక్కొక్క అడుగే వేస్తూ, తొక్కుతూ, తొక్కుతూ వెళ్లి ఆగింది. చెయ్యి చాపింది. గేటు ఊచలు చేతికి తగిలాయి.

"వచ్చేశానా?" అంది.

వచ్చేశావక్కా అన్నాను. ఒక్క మొక్కయినా నాటకుండానే, మా అక్క గేటు దగ్గర నిలబడి ఉంది.