కూర్చుంటే వచ్చే గాలి

మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎక్కువైతే పసిగట్టి, బయటి గాలి తెచ్చే ఫ్యాన్ వేగం పెంచే సెన్సార్లు బిగించడం నా పని. జహనుమాలో ఒక బట్టల దుకాణం సేఠ్ ఈ రోజు పిలిచారు. "మధ్యాహ్నమైతే చాలు, ఫ్యాన్ ఊకే ఉరుకుతది భాయ్. నీ డబ్బా ఖరాబైంది, తీసెయ్" అన్నారు.

సెన్సార్ బిగించిన సెల్లార్‌లోకి దిగి పరీక్షిస్తే సెన్సార్ బాగానే ఉంది. భోజనాల వేళ దాకా అక్కడే ఆగాను. చీరలు మడతపెట్టే యాదమ్మ, ఇంకో ఇద్దరు అన్నం తిని వచ్చి, సరిగ్గా సెన్సార్ కిందే గోడకు ఒరిగి కళ్లు మూసుకున్నారు. సెన్సార్ మీది అంకె మెల్లగా పెరిగింది. ఫ్యాన్ గొంతు మారింది. చీరల అంచులు నీళ్లలో ఉన్నట్టు కదిలాయి.

యాదమ్మ ఒక కన్ను తెరిచి, "ఈడ కూసుంటే గాలి దానంతటదే వస్తది అన్నా. సేఠ్‌కు చెప్పకు, గీ జాగ గూడ పోతది" అంది.

పైకి వెళ్లి, కునుకు సంగతి ఎత్తకుండా, "సెన్సార్ మంచిగనే ఉంది సేఠ్. కింద మనుషులున్నరు గాబట్టే గాలి ఇస్తున్నది" అన్నాను.

"అచ్ఛా! నాకంటె నీ డబ్బాకే వాళ్ల ఫికర్ ఎక్కువుంది. ఉండనియ్" అని నవ్వారు.

సామాను సర్దుకోవడానికి దిగి, నేనూ వాళ్లకు కాస్త దూరంలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఫ్యాన్ ఇంకొంచెం వేగం పెంచింది. నన్నూ మనిషిగానే లెక్కవేసినట్టుంది. మీరు పనిచేసే చోట ఇలాంటి మూల ఏదైనా ఉందా?