కేస్ షీటులో పెరిగిన కోపం

1974లో నేను విజయవాడలోని ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. శిక్షణ ముగిసి రెండేళ్లు కూడా కాలేదు. మగవాళ్ల సర్జికల్ వార్డులో డ్యూటీ. రోజుకు మూడు షిఫ్టులు. ప్రతి షిఫ్టు చివరా ఒక్కో రోగి ఎలా ఉన్నాడో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయాలి. వాటిని నర్సెస్ నోట్స్ అంటారు. రౌండ్సుకు వచ్చిన డాక్టరు ముందు చూసేది ఆ కాగితాన్నే.

నా ఇంగ్లీషు మీద నాకు కాస్త గీర ఉండేది. శిక్షణలో మా ట్యూటర్‌గారు మనసు స్థితిని చెప్పే మాటలను మెట్లు మెట్లుగా రాయించారు. చిరాకు పడితే అనాయిడ్, కోపం వస్తే యాంగ్రీ, మండిపడితే ఫ్యూరియస్, మనల్ని శత్రువుల్లా చూస్తే హాస్టయిల్. అప్‌సెట్ అంటే నొచ్చుకోవడమో, కంగారు పడడమో, రెండూనో ఆవిడా తేల్చి చెప్పలేదు. మిగతావన్నీ నాకు కంఠతా వచ్చు.

ఆ చెరకు కోతల రోజుల్లో ఉయ్యూరు పక్క పల్లె నుంచి వెంకట్రామయ్య అనే రైతును తీసుకొచ్చారు. యాభై అయిదేళ్లుంటాయి. చెరకు కొడుతుంటే కత్తి జారి కాలి వేళ్ల మీద పడింది. షుగరు జబ్బు ఉండడంతో పుండు మానక నల్లబడింది. రెండు వేళ్లు తీసేస్తే పాదం దక్కుతుంది. ఆలస్యమైతే పాదం పోతుంది, ఆ తరవాత ప్రాణానికే ముప్పు. మర్నాడే ఆపరేషన్ అని డాక్టరుగారు చెప్పారు. ఆవిడ కేరళ నుంచి వచ్చి నాలుగు నెలలైంది. హస్తవాసి మంచిది గాని, తెలుగు మాత్రం "నొప్పి ఉందా, తగ్గిందా" దాటి రాలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి వెంకట్రామయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంజెక్షన్‌కు చెయ్యి ఇవ్వలేదు. పలకరిస్తే పలకలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. నేను 'అనాయిడ్' అని రాశాను. మధ్యాహ్నం నర్సు దాని కింద 'యాంగ్రీ' అని రాసింది. రాత్రి నర్సు 'ఫ్యూరియస్, హాస్టయిల్ టు స్టాఫ్' అని ముగించింది. ఆయన మూడు పూటలా చేసింది ఒక్కటే, గోడకేసి తిరిగి పడుకోవడం. ముందున్న మాటే మళ్లీ రాస్తే పని ఎగ్గొట్టినట్టుంటుందని ఎవరికి వాళ్లం ఒక్కో మెట్టు ఎక్కించాం.

మూడో రోజు రౌండ్సులో నోట్స్ చదివి డాక్టరుగారి ముఖం మాడిపోయింది.

"మన మీద ఇంత కోపంగా ఉన్న మనిషిని బలవంతంగా ఆపరేషన్ చెయ్యలేం. సంతకం తీసుకుని పంపించెయ్" అని ఇంగ్లీషులో చెప్పి పక్క వార్డుకు వెళ్లిపోయారు.

వైద్యుల సలహా కాదని నా ఇష్టంతోనే వెళుతున్నాను అని రోగి రాసిచ్చే కాగితం ఒకటుంటుంది. అది తెచ్చి ఆయన పక్కన పెట్టాను. ఆ కాలితో ఇంటికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆయన సంతకం పెట్టలేదు. పెట్టననీ అనలేదు. బల్ల మీద ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ మూత తీసి ఉంది. దాన్ని పక్కకు నెట్టాడు. అయితే రెండు వేళ్లతో, మెల్లిగా, చారు తొణక్కుండా నెట్టాడు. నెట్టి, ఓరకంట వరండా వైపు చూశాడు. అక్కడ ఆయన తమ్ముడు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి భయం.

ఇదెక్కడి ఫ్యూరియస్? అలకపాన్పు మీద కొత్త అల్లుడు చూసే చూపు ఇది.

"వెంకట్రామయ్యగారూ, ఎవరి మీదండీ అలక?" అన్నాను.

మళ్లీ గోడకేసి తిరిగి, గోడతోనే చెప్పాడు.

"వేళ్లు నాయి. అడిగిందేమో వాణ్ణి."

అప్పటికిగాని నాకు తట్టలేదు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చేది కన్సెంట్ ఫారం. చదువుకున్న బంధువు ఎవరుంటే వాళ్ల దగ్గర దాని మీద సంతకం తీసుకోవడం మా వార్డులో అలవాటు. తమ్ముడు హైస్కూలు దాకా చదివాడు, పెట్టేశాడు. ఆ తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి పక్కనే మంచం మీద ఉంటే, ఆయనతో ఎవరూ ఒక్క మాట అనలేదు.

పరుగున పక్క వార్డుకు వెళ్లాను.

"మేడమ్, ఆయన యాంగ్రీ కాదు."

"మరి?"

నా మెట్లన్నీ ఎక్కాను, దిగాను. హర్ట్ అంటే సగమే వస్తుంది. సల్కింగ్ అంటే చిన్నపిల్లల మూతిముడుపు, పెద్దమనిషిని చులకన చేసినట్టుంటుంది. అఫెండెడ్ పరాయివాళ్ల మీద కూడా అవుతారు. చివరికి విడమరిచి చెప్పాను.

"ఇది సొంతవాళ్ల మీదే వస్తుంది మేడమ్. వచ్చి బతిమాలితే పోతుంది. బతిమాలాలనే వస్తుంది."

ఆవిడ ముఖం విప్పారింది.

"పిణక్కం! మా మలయాళంలో దాన్ని పిణక్కం అంటాం. మా నాన్నకు వారానికోసారి వస్తుంది. ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా?"

చెప్పవలసినదాన్నే. సిగ్గుతో తల దించుకున్నాను.

డాక్టరుగారు ఆయన మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఏ వేళ్లు తీస్తారో, ఎందుకో పాదం చూపించి చెప్పారు, నేను తెలుగు చేశాను. తరవాత తన తెలుగులోనే అడిగారు.

"మీరు చెప్పండి. తియ్యనా?"

ఆయన కళ్లు చెమర్చాయి. నేను వెళ్లి తమ్ముణ్ణి పిలుచుకొచ్చాను.

"తప్పయింది అన్నయ్యా. నీకు చెబితే భయపడతావని..."

"భయం నాకా, నీకా? రెండ్రోజుల నుంచి ఆ స్తంభాన్ని వదల్లేదు గదరా! కాయితం ఇటియ్యి."

కొత్త ఫారం మీద వంకరటింకరగా తన పేరు తానే రాశాడు. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ అయింది. రెండు వేళ్లతో సరిపోయింది, పాదం దక్కింది. ఆ కబురు వినగానే నేను డ్యూటీ రూములో కూలబడి, ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని, హాయిగా ఏడ్చాను.

డిశ్చార్జి రోజు తమ్ముడి భుజం పట్టుకుని నడుస్తూ నా దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఆవేళ నువ్వు అడక్కపోతే సంతకం పెట్టి వెళ్లిపోయేవాణ్ణి."

"అంత కోపం లేదు కదండీ మీకు?"

"కోపం లేదమ్మా. అలిగినోణ్ణి ఎవరూ అడక్కపోతే ఇంక ఉండి ఏం చేస్తాడు?"

తేలికపడ్డ గుండె ఆ మాటకు మళ్లీ ఒకసారి జల్లుమంది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఏ రోగి మనసు ఎలా ఉందో రాసేముందు ఆ రోగినే అడిగాను. నోట్స్ ఆలస్యమవుతున్నాయని చాలాసార్లు చీవాట్లు తిన్నాను. తింటూనే అడిగాను.