ఆడూ షర్బత్‌లో ఎన్ని నీళ్ళు

మా ఇంట్లో పండును నొక్కి చూసి కొనే అలవాటు లేదు. పండ్లవాడి మీద నమ్మకం ఉంటే కొనాలి, లేకపోతే ముందుకు నడవాలి అనేవారు మా నాన్న. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆషాఢం దగ్గరపడుతుంటే మాదన్నపేట మార్కెట్‌లో ఆడూ పండ్లు దిగుతాయి. పీచ్ అని కొందరు అంటారు కానీ పాతబస్తీలో అది ఆడూనే. మా తాత కాలంలో అవి ఉత్తరాది నుంచి చెక్కపెట్టెల్లో, గడ్డిలో పొదిగి, రైల్లో వచ్చేవట. గల్లీ మొత్తానికి మా ఇంటికే వచ్చేవి. ఇప్పుడు తోపుడుబండి మీద టమాటాల పక్కన కుప్పపోసి ఉంటాయి. దానికి నేనేమీ బాధపడను. పండు రుచి అదే.

ఈసారి నాతోపాటు మా ఇంట్లో ఉండే అమ్మాయి కూడా మార్కెట్‌కు వచ్చింది. కిరాయికి ఉంటుంది అనే మాట మేము వాడం. ఆమెది భీమవరం వైపు. భర్తకు ఇక్కడ సర్కారీ ఆఫీసులో ఉద్యోగం. వెనుక గదుల్లో వాళ్ళుంటారు, ముందున్న స్తంభాల వసారా, అదే దాలాను, పక్క గదీ నావి. ఆమె బండి దగ్గరికి వస్తూనే పండ్లను ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టింది.

"దబాకే నక్కో దేఖో బాజీ, దాగ్ పడ్ జాతా" అన్నాడు పండ్లాయన, నొక్కితే మచ్చ పడుతుందని.

"నొక్కకపోతే ఎలా తెలుస్తుంది భాయ్? ఇదిగో, ఇది రాయి. ఇదీ రాయే. వీటితో మీ ఇంటికి గోడ కట్టుకోవచ్చు."

ఆయన నా వైపు తిరిగాడు. "దేవిడీవాలే ఐసా నై కర్తే అమ్మా."

"ఆయన చెప్పింది నిజం. మా ఇంట్ల గట్ల చెయ్యరు" అన్నాను ఆ అమ్మాయితో.

"నిజమే పిన్నిగారూ. అందుకే పోయినేడు మీరు తెచ్చిన పండ్లు వారం పాటు బియ్యం డబ్బాలో ముగ్గాయి" అంది ఆమె, చేతిలో పండు వదలకుండా.

పండ్లాయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె ఏరిన పండ్లే ఇంటికి వచ్చాయి.

దేవిడీ అంటే పెద్ద కమాను, లోపల వాకిలి, వాకిలి చుట్టూ గదులు ఉన్న పాతకాలపు ఇల్లు. సంస్థానం రోజుల్లో మా ముత్తాతది పెద్ద కొలువు. ముందు భూములు పోయాయి. తర్వాత వాకిలిలో సగం పోయింది. ఈమధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడు కమాను కూడా పోయింది. వీటిని తలుచుకుని ఏడవడం మా వాళ్ళెవరూ చేయలేదు, నేనూ చేయను. ఇంటికి మిగిలింది ఒకే ఒక మర్యాద. అది బోనాలనాటిది.

మా గల్లీ ఆడవాళ్ళు తల మీద బోనం ఎత్తుకుని గుడికి వెళ్ళేటప్పుడు మా గడప ముందు నిలబడితే, మేము వాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తాం. అమ్మవారికి నైవేద్యం పెట్టి, ఉపవాసం విడిచి తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ మా గడప దగ్గరే ఆగుతారు. అప్పుడు ఆడూ షర్బత్ ఇస్తాం. వెళ్ళేటప్పుడు కాళ్ళకు నీళ్ళు, వచ్చేటప్పుడు చేతికి గ్లాసు. గల్లీలో ఇంకే ఇంటి ముందూ వాళ్ళు రెండుసార్లు ఆగరు.

గ్లాసు అందుకుని వాళ్ళు మూలమీది నల్లా దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి తాగి, గ్లాసులు కడిగి తెచ్చి ఇచ్చేవారు. చిన్నప్పుడు నేను కిటికీలోంచి చూస్తుంటే మా అమ్మ అనేది, "చూడు, ఎంత మర్యాదనో. మన ముంగట నోరు తెరిచి తాగరు. ఎంగిలి గ్లాసు చేతికియ్యరు."

ఈ ఏడు నాకొక దిగులు పట్టుకుంది. గల్లీలో మొదటి బోనం ఎత్తే అవ్వ, మోకాళ్ళు సహకరించక, బోనాన్ని కోడలికి అప్పగించింది. కోడలు సర్కారు దవాఖానాలో నర్సు, చురుకైన మనిషి, మా ఇంటికి ఎన్నడూ వచ్చింది లేదు. దానికితోడు గల్లీ మొదట్లో కుర్రాళ్ళు షామియానా వేసి, బోనాలవాళ్ళకు కూల్‌డ్రింకులు పంచుతామని బ్యానర్ కట్టారు. మొదటి బోనం ఎటు తిరిగితే మిగతావన్నీ అటే తిరుగుతాయి. ఈ కొత్త మనిషి మా గడప వైపు తిరుగుతుందా, షామియానా దగ్గరే ఆగిపోతుందా? పోయి అడగడం నా వల్ల కాదు. అడిగి తెచ్చుకునేది మర్యాద ఎలా అవుతుంది? చేయగలిగింది షర్బత్ ఒక్కటే కాబట్టి దాని పనిలో పడ్డాను.

పద్ధతి మా నాన్నమ్మది. పండు మీది నూగును తడిగుడ్డతో తుడిచి, మరిగే నీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే తొక్క దానంతటదే ఊడివస్తుంది. తొక్క పారేయకూడదు. షర్బత్‌కు ఆ గులాబీ రంగు ఇచ్చేది అదే. ముక్కలు కోసి, టెంకలు తీసేసి, జాడీలో ఒక వరస పండు, ఒక వరస చక్కెర పరిచి మూత కడితే మర్నాటికి ముక్కలు తమ రసంలో తామే తేలుతుంటాయి. వాటిని తొక్కలతో కలిపి సన్నని మంట మీద మెత్తబడేదాకా ఉంచి, పల్చని గుడ్డలో వేసి కొక్కేనికి వేలాడదీయాలి. గుడ్డను పిండితే రసం మసకబారుతుంది. అందుకని చుక్కచుక్కగా కారనివ్వాలి. కారిన రసానికి ఇంకా చక్కెర చేర్చి, వేళ్ళ మధ్య సన్నని తీగ సాగేదాకా కాచి, దించేముందు నిమ్మరసం పిండితే సీసాలో గడ్డకట్టదు. ఇల్లంతా ఆ రెండు రోజులూ పండు వాసనతో నిండి ఉంటుంది. ఎండబెట్టిన సీసాల్లో పోసి కిటికీ పక్కన వరసగా పెడితే, మధ్యాహ్నం వెలుతురు వాటిలోంచి గచ్చు మీద పడుతుంది. ఆ పూట నాకు ఇంకేమీ అక్కరలేదు. బోనాలు అయ్యాక మిగిలే సీసాలు నావి. పెరుగులో ఒక చెంచా, ముసురు పట్టినప్పుడు వేడిపాలలో ఒక చెంచా వేసుకుంటాను.

గుడ్డలో మిగిలిన గుజ్జును మా ఇంట్లో పారేసేవాళ్ళం. ఈ అమ్మాయి దాన్ని పళ్ళేనికి పూసి డాబా మీద ఎండబెట్టింది. వాళ్ళ వైపు మామిడితో చేసే తాండ్రలాగా.

సీసాలు నింపిన రోజే అవ్వ వచ్చింది, బోనం కోడలికి ఇచ్చిన సంగతి తన నోటితో చెబుదామని. దాలానులో కూర్చోబెట్టి, కొత్త సీసా విప్పి గ్లాసు కలిపాను. మా ఇంటి కొలత సగం పాకం, సగం నీళ్ళు. నీళ్ళు ఎక్కువ పోస్తే చేయి బిగించినట్టు. "నీళ్ళు అందరిండ్లల్ల ఉంటయి, షర్బత్ మనింట్ల ఉండాలె" అనేది మా నాన్నమ్మ.

అవ్వ గ్లాసును రెండు చేతులా అందుకుంది. ఒక్క గుక్క తాగింది. తర్వాత గ్లాసు పట్టుకుని లేవబోయింది.

"ఏమండీ మామ్మగారూ, అప్పుడే లేచారేం?" అంది భీమవరం అమ్మాయి.

"గిప్పుడొస్త బిడ్డా. జర నల్లా కాడికి పోయొస్త."

"నల్లా దగ్గర ఏముందండీ? ఇక్కడే తాగండి."

"గట్ల అలవాటు."

"నీళ్ళు కలుపుకోడానికా?"

ఆ అమ్మాయి ఊరికే అన్న మాట అది. కానీ అవ్వ నా ముఖం వంక చూసి, మెల్లగా మళ్ళీ కూర్చుంది.

"ఇంక దాచుడెందుకు దొరసానీ. బోనం ఇడిచిపెట్టిన. మా అత్త నాకు బోనం ఇచ్చిన్నాడే చెప్పింది. దేవిడీ కాడ రెండు చేతుల్తోని గ్లాసు పట్టుకో, ఒక్క గుక్క తాగినట్టు చెయ్, నల్లా కాడికి పోయి నీళ్ళు కల్పుకో అని. ఉత్తగ తాగితె నాలిక అంగిట్లకు అతుక్కుంటది. ఒకపారి డప్పు కొట్టేటాయన తెల్వక మొత్తం తాగిండు. ఇల్లు చేరేదాంక మాట రాలె."

అమ్మాయి స్తంభం పట్టుకుని నవ్వుతోంది.

"మరి గ్లాసులు కడిగి ఇచ్చేటోళ్ళు గద?" అని అడిగాను.

"కడగకుంటె చీమలు పడ్తయి గదమ్మా."

"గట్లైతె గిన్నేండ్లు ఎందుకొచ్చిండ్రు అవ్వా?"

"నిలబడనీకి వచ్చినం. చెప్పుల్లేని కాళ్ళు, నెత్తి మీద కుండ, పైన ఎండ. మీ కమాను కింద బండలు మస్తు సల్లగుంటుండె. మీ అమ్మ జర కూసోండ్రి అనేది. షర్బత్ కోసం ఎవరొచ్చిండ్రు?" అని, మాట కొంచెం ముదిరిందని తోచి, "మనసుల పెట్టుకోకు బిడ్డా" అంది.

"ఏం పెట్టుకోను" అన్నాను. పెట్టుకున్నాను.

ఆమె వెళ్ళాక దాలానులో కూర్చుని ఆలోచించాను. కమాను ఇప్పుడు లేదు. దాని నీడా లేదు, చల్లటి బండలూ లేవు. నీడ పోయాక కూడా అవ్వ వచ్చిందంటే, అది ఆమె పాతబడిన ప్రేమ. కోడలికి అలాంటి బాకీ ఏమీ లేదు. ఆమె మా గడప ఎక్కాలంటే ఇక మిగిలింది గ్లాసులో ఉన్నదే. అందులో నీళ్ళు పెంచితే మా పెద్దలందరూ తెలియక చేశారని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. పెంచకపోతే ఇదే ఆఖరి ఏడు.

మర్నాడంతా ఆ అమ్మాయితో నేను మాట్లాడలేదు. సాయంత్రం ఆమె తాండ్ర ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టి తెచ్చింది.

"మాట్లాడకపోయినా తినొచ్చు కదండీ."

తిన్నాను. బాగుంది. "మా నాన్నమ్మకు తెల్వదంటవా?" అని అడిగాను.

"అలా ఎందుకంటానండీ. పాకం అమోఘం. కాకపోతే అది పాకం. మా ఊళ్ళో అయితే అట్ల మీద పోసుకుంటాం."

ఆమె వెళ్ళిపోయాక ఒక గ్లాసులో మా కొలత ప్రకారం కలిపాను. నిజానికి ఒక నిండు గ్లాసు నేను ఎన్నడూ తాగలేదు. పిల్లలకు చెంచాతో నాకించేవారు, పెద్దయ్యాక పంచడమే కానీ తాగడం లేదు. రెండో గుక్కకే గొంతు పట్టేసింది. కొంచెం నీళ్ళు పోశాను. ఇంకొంచెం పోశాను. గ్లాసు సరిపోక చెంబులోకి మార్చాను. పాకం మీద నాలుగైదింతలు నీళ్ళు పడ్డాక, చిటికెడు ఉప్పు వేసి తాగితే, చక్కెర వెనక్కి తగ్గి పండు ముందుకు వచ్చింది. గుడ్డలోంచి రసం కారుతున్నప్పుడు ఇల్లంతా ఉండే వాసన, మొదటిసారి నా నోట్లో ఉంది. చెంబు మొత్తం తాగాను.

బోనాలనాడు పొద్దున గడప కడిగి, పసుపునీళ్ళతో నిలబడ్డాను. కోడలు బోనంతో వచ్చింది. కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే కుండ కదలకుండా కళ్ళు మాత్రం దించి చూసి, గుడి వైపు సాగింది.

మధ్యాహ్నానికి అటక మీది ఇత్తడి గంగాళం దింపించి అందులో షర్బత్ కలిపాను. ఐసు, నిమ్మకాయ, ఉప్పు. సబ్జా గింజలు కూడా వేద్దామంది అమ్మాయి. వద్దన్నాను. అన్నిటికీ ఒప్పుకోవడం నా చేత కాదు. అవ్వ ముందే వచ్చి మా గడప పక్కన కూర్చుంది. కోడలిని ఇటు రమ్మన్నావా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆమే చెప్పింది, "ఇటు రమ్మని నేనేం చెప్పలె. చెప్పినా ఇనే మనిషి కాదు."

డప్పులు దగ్గరయ్యాయి. నేను దాలానులోనే నిలబడ్డాను. అమ్మాయి గడప మీద నుంచి గల్లీ మొదటి వైపు మెడ సాచి చూస్తూ చెబుతోంది.

"షామియానా దగ్గర ఆగారండీ."

"ఆగనియ్."

"డప్పులవాళ్ళు సీసాలు తీసుకుంటున్నారు. ఆడవాళ్ళు కూడా నలుగురైదుగురు తీసుకున్నారు."

నేను కొంగుతో గ్లాసు ఒకటి తుడిచాను.

"ఆ నర్సమ్మ తీసుకోలేదండీ. చెయ్యి అడ్డం ఊపింది. ఇటే వస్తోంది."

వచ్చింది. వెనుక మిగతావాళ్ళూ వచ్చారు. నేను గడప దగ్గరికి వెళ్ళి, గ్లాసు నింపి రెండు చేతులా ఇచ్చాను. ఆమె రెండు చేతులా అందుకుని, పెదవికి తాకించి, చిన్నగా నవ్వి, మూల వైపు అడుగు వేసింది. అత్త నేర్పినట్టే, పొల్లు పోకుండా.

మా వంశంలో ఎవరూ ఎవరినీ తాగమని బతిమాలలేదు. ఇవ్వడం వరకే మా పని. కానీ ఆమె ఇంకో అడుగు వేస్తే నల్లా దగ్గరుంటుంది, వచ్చే ఏడు షామియానా కింద ఉంటుంది.

"గీడనే తాగు బిడ్డా" అన్నాను. "ఒక్కపారి తాగి చూడు."

ఆమె ఆగింది. అత్త వైపు చూసింది. అవ్వ ఆకాశంలోకి చూస్తోంది. దవాఖానాలో మందు తాగించేవాళ్ళు తామే తాగాల్సి వచ్చినప్పుడు పెట్టే ముఖం పెట్టి, గ్లాసు ఎత్తింది. ఒక గుక్క. తర్వాత ఆపలేదు. గొంతు కదులుతూ ఉండగానే మిగతా ఆడవాళ్ళు గంగాళం చుట్టూ చేరారు. ఇన్నేళ్ళలో మా షర్బత్ తాగేవాళ్ళ వీపులే చూశాను కానీ ముఖాలు చూడలేదు. ఒకామె కళ్ళు మూసుకుని తాగుతుంది. ఒకామె తాగి, ఐసు ముక్కను బుగ్గన పెట్టుకుంటుంది.

"నువ్వు చెప్పింది వేరే గద అత్తా?" అంది కోడలు.

"నాకేం తెలుసే. నా కాలంల గట్లుండె" అంది అవ్వ. తన గ్లాసు రుచి చూసి నా చెవిలో అంది, "నాకు జర చిక్కగ పొయ్ దొరసానీ. గీ నీళ్ళేంది?"

కోడలు ఖాళీ గ్లాసు ముందుకు చాపింది. "ఇంకో గ్లాసు ఉందా అమ్మా?"

మా ఇంట్లో రెండో గ్లాసు అడిగినవాళ్ళు ఎవరూ లేరు. మొదటి గ్లాసు నింపి రెండు చేతులా ఇవ్వాలని తెలుసు, రెండోదానికి పద్ధతి ఏమిటో నాకెవరూ చెప్పలేదు. గరిటె ముంచి, ఆమె చేతిలో ఉన్న గ్లాసులోకే పోశాను. నిండేదాకా ఆమె కదలకుండా పట్టుకుంది. గల్లీ మొదట్లో డప్పులవాళ్ళు ఆలస్యమవుతోందని కేకలు పెడుతున్నారు.

"ఆగుండ్రి భాయ్, తాగుతున్నం గద" అని అటు తిరిగి గట్టిగా చెప్పి, ఆమె మళ్ళీ గ్లాసు ఎత్తింది.