టవల్ కింద పాస్‌వర్డ్

నేను ఇంటర్ పాసైన ఏడు, ఇంజనీరింగ్ కాలేజీలు ఆన్‌లైన్‌లో ఎంచుకోవడానికి నాన్నతో కలిసి పత్తికొండలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. నాన్న సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?" అని సెంటర్ ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న సంతలో అరిచినట్టు, "మా ఎర్రెద్దు పేరు పెట్టప్పా! బంగారి! దాని పక్కన ఒకటి రెండు మూడు!" అన్నాడు.

గదిలో అందరూ తిరిగి చూశారు. పక్క సీటులోని ఆయన నవ్వి, "మాకూ తెలిసిపాయె గదన్నా! మేమే మీ పాప కాలేజీ మార్చేస్తే?" అన్నాడు. నాకు సిగ్గు పోయి భయం పట్టుకుంది. "అది ఎవరికీ తెలియకూడదు నాయనా, నా సీటు పోతాది" అన్నాను ఏడుపు గొంతుతో.

నాన్న మొహం మారింది. "దాచిపెట్టేదని ముందే చెప్పకూడదా మే!" అంటూ భుజం మీది టవల్ తీశాడు. సంతలో ధర నలుగురికీ తెలియకుండా టవల్ కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. కీబోర్డు నా ముందుకు జరిపించి, అచ్చం అట్లాగే దాని మీదా నా చేతుల మీదా కప్పాడు. "ఇప్పుడు మార్చి కొట్టు. నాకు గూడా చెప్పొద్దు" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు సీటు వచ్చింది. ఇప్పటికీ ఏటీఎం ముందు నా చెయ్యి చున్నీ కిందికే పోతుంది. ఆ పాస్‌వర్డ్ ఏమిటని మాత్రం నాన్న ఎన్నడూ అడగలేదు.